మిర్యాలగూడలో పన్నెండు నిమిషాలు

విజయవాడ బస్సెక్కిన ప్రతివాడూ సూర్యాపేట చూశాననే అంటాడు. అతను చూసింది బస్సు ఆగిన హోటలూ, ఆ హోటలు వెనక గోడా. తణుకు నుంచి హైదరాబాదుకు ఉద్యోగానికొచ్చిన నేను కూడా ఏడెనిమిదేళ్ళు సూర్యాపేటను అలాగే చూశాను. రెండు వేల ఎనిమిదిలో, సీతాఫలాలు పండే రోజుల్లో, అక్కడ నిజంగా దిగాను. అక్కణ్ణుంచి కోదాడ, కోదాడ నుంచి మిర్యాలగూడ. మొత్తం నాలుగు రోజులు. తిరిగొచ్చాక మా ఆవిడ ఏమేం చూశావని అడిగింది. మూడు కంప్యూటర్ గదులు, ఒక ధాన్యం కాంటా అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. అందుకని మీకు చెబుతున్నాను.

ఈ మూడూళ్ళలోనూ వ్యాపారమున్న ఒక రైస్ మిల్లు కంపెనీకి మేం సాఫ్ట్‌వేర్ రాసిచ్చాం. కొనుగోలుకొకటి, లారీల బరువు తూచే కాంటాకొకటి, గోడౌన్‌కొకటి, సెలవు చీటీలకొకటి. ఒక్కోటి ఒక్కో ఏడు రాశాం కనుక ఒక్కోదానికీ ఒక పాస్‌వర్డు. ఇప్పుడవన్నీ సూర్యాపేట ఆఫీసులో ఒకే పెద్ద సర్వర్ మీదికెక్కాయి. పొద్దున కంప్యూటర్ తెరిచేటప్పుడు ఒక్కసారి పేరూ పాస్‌వర్డూ కొడితే, మిగతావన్నీ మళ్ళీ అడక్కుండా తలుపు తియ్యాలి. సింగిల్ సైన్ ఆన్ అంటారు. అది అమర్చి రమ్మని నన్ను పంపారు. రెండు రోజుల పని అన్నాడు మా మేనేజర్. ఆయన కంప్యూటర్లను మాత్రమే లెక్కేస్తాడు.

సూర్యాపేట: దారం కట్టిన పుస్తకం

బుధవారం పొద్దున బస్సు దిగి ఇడ్లీ తిన్నాను. చాయ్ నాలుగు రూపాయలు. మా తణుకులో గ్లాసులో ఇస్తారు, ఇక్కడ కప్పూ సాసరూ ఇచ్చారు. పక్కాయన సాసర్లో పోసుకుని, ఊది, చప్పుడు చేస్తూ తాగుతున్నాడు. ఏ ఊళ్ళో పద్ధతి ఆ ఊళ్ళో అని నేనూ పోసుకుని, చొక్కా మీద ఒక చిన్న చెరువు తవ్వుకున్నాను. ఆ చొక్కాతోనే యజమాని వెంకటరెడ్డి గారిని కలిశాను. అరవై దాటిన మనిషి. అందరూ పటేల్ అంటారు.

"చాయ్ తాగినట్టున్నరు," అన్నారు, నా చొక్కా వైపు చూసి.

ఆఫీసులో ఏసీ ఒకటే. అది సర్వర్‌కి. మనుషులకు ఫ్యాన్లు. పనిలేకపోయినా అందరూ సర్వర్ క్షేమం కనుక్కోవడానికి ఆ గదిలోకి వచ్చి పోతుంటారు.

హెడ్ క్లర్కు ముత్తయ్య గారి దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. అందులో ఆఫీసులో అందరి పాస్‌వర్డులూ ఉన్నాయి. పుస్తకానికి ఎర్ర దారం, ఆ పుస్తకమున్న బీరువాకు తాళం, తాళంచెవి ఆయన మొలతాడుకు. ఎవరు పాస్‌వర్డు మరిచిపోయినా ఆయన దగ్గరికి రావాలి. ఆయన చాయ్ ముగించి, బీరువా తీసి, దారం విప్పి, మిగతా పేజీకి అరచెయ్యి అడ్డం పెట్టి, ఆ ఒక్క వరుస చూపిస్తారు. బ్యాంకు లాకర్లలో కూడా నేనింత శ్రద్ధ చూడలేదు.

చెయ్యబోయేదేమిటో ఆయనకు వివరించాను. నేను పదిహేను నిమిషాలు చెప్పింది ఆయన రెండు ముక్కల్లో తేల్చారు.

"అంటే పెండ్లిల గేటు కాడ బొట్టు పెట్టినట్టు. బొట్టుంటే ఇగ బంతి కాడ ఎవ్వడు అడగడు, నువ్వు పిల్ల తరఫా, పిల్లగాని తరఫా అని."

"అంతే సార్."

"మరి నా పుస్తకం?"

"అవసరముండదండీ."

"అవసరముండదు గని, పుస్తకమైతే ఉంటది గద," అని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు.

మూడూళ్ళ సిబ్బంది పేర్లన్నీ ఆయనే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చారు. జాబితాలో ఉన్నవాళ్ళకే బొట్టు. సాయంత్రానికి సూర్యాపేట పని అయింది. మొదట ముత్తయ్య గారినే కూర్చోబెట్టాను. ఒక్కసారి పాస్‌వర్డు కొట్టి, ఒకదాని తర్వాత ఒకటి తెరిచారు. ఏదీ ఏమీ అడగలేదు.

"ఇగ అడగదా?"

"అడగదండీ."

ఆయన కాసేపు తెర వైపు చూశారు. "జర అడిగితే మర్యాదగుంటుండె," అన్నారు.

వెళ్ళబోతుంటే పటేల్ పిలిచారు. "మిర్యాలగూడల ఇంకో మిల్లు పెడుతున్న. గా కొత్త కాంటాకు ఇంచార్జి కావాలె. పాత కాంటా మీద శ్రీను అని ఉన్నడు, అక్కడి మిల్లు మేనేజర్ బామ్మర్ది. ఐదేండ్ల సంది కాంటా చీటీలు సూస్తున్న, ఒక్కటి తప్పు లేదు. అన్నిట్ల ఆని పేరే. శనివారం నేనే వస్త. మీ పని ఎట్లయిందో సూసి, ఆ ముచ్చట గూడ ఖతం జేస్త."

మంచి పనివాడికి మంచి జరగబోతోందని సంతోషించి, లాడ్జికి పోయాను.

కోదాడ: దేవుడి పటం కింద

గురువారం పొద్దున కోదాడ. కంపెనీ లారీల ఆఫీసు ఇక్కడుంది. నలుగురు మనుషులు, రెండు కంప్యూటర్లు. గోడ మీద ఆంజనేయస్వామి పటం, పటం కింద సుద్దముక్కతో పాస్‌వర్డు. గేట్లోంచి కూడా చదవొచ్చు. లారీ డ్రైవర్లు కొందరికి అది నోటికి వచ్చునట.

ఆఫీసు పెద్ద కోటేశ్వరరావు గారిని, ఇలా గోడ మీద రాయొచ్చా అని అడిగాను.

"తప్పేముందండీ ఇంజినీరు గారూ? దేవుడి కింద రాశాం గదా. ఎవరు ముడతరు?"

ఈ ఊళ్ళో 'ఉంటది' మెల్లగా 'ఉంటుంది' వైపు జరుగుతుంది. హోటల్లో కూడా నెయ్యి 'ఎయ్యాల్నా' అనకుండా 'వెయ్యమంటారా' అని అడిగారు. ముప్ఫై అయిదు రూపాయలకు ముద్దపప్పు, గోంగూర, అడిగినంత అన్నం. మా వైపు వాసన తగిలి, నేను మోతాదు మించాను. మధ్యాహ్నం తర్వాత నేను చేసిన పనులన్నీ రెండోసారి సరిచూసుకోవలసి వచ్చింది.

నలుగురికీ నాలుగు పేర్లు చేసి, ఎవరి పాస్‌వర్డు వాళ్ళే పెట్టుకోండి, ఎవరికీ చెప్పకండి అని నేను వీధి వైపు తిరిగి నిలబడ్డాను. వెనక కాసేపు గుసగుసలు వినిపించాయి. తర్వాత చూస్తే ఒకరి పేరుతో ఇంకొకరు హాయిగా లోపలికి పోతున్నారు. నలుగురూ ఒకే పాస్‌వర్డు పెట్టుకున్నారు.

"ఎవరిది వాళ్ళు దాచుకోవాలి కదండీ!"

"ఎట్ట దాస్తామండీ?" అన్నారు కోటేశ్వరరావు గారు, నన్ను ఓదారుస్తున్నట్టుగా. "పదేళ్ళ నుంచి నలుగురం ఒక్కచోట డబ్బాలు ఇప్పుకుని తింటున్నాం. కూర దాచుకోనోడు ఇది దాచుకుంటే ఏమనుకుంటారు?"

నేను చదివిన పుస్తకాల్లో ఈ చిక్కుకు అధ్యాయం లేదు. చివరికి ఒక ఉపాయం తోచింది. సెలవు చీటీలు కూడా ఈ పేరు మీదే పోతాయి, ఒకరి పేరుతో ఇంకొకరు సెలవు పెట్టేయొచ్చు అన్నాను. నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అయిదు నిమిషాల్లో నాలుగు వేరు వేరు పాస్‌వర్డులు తయారయ్యాయి. గోడ మీది సుద్దరాత తుడిచేశారు. ఆ అక్షరాల మచ్చ మాత్రం ఇంకా చదవడానికి వీలుగానే ఉంది.

నేను సంచి సర్దుకుంటుండగా కోటేశ్వరరావు గారు మిర్యాలగూడకు ఫోను చేశారు. ఏదో లారీ బరువు కావాలి. అవతల ఒక ఆడగొంతు టకటకా అంకెలు చెప్పింది. లారీ నంబరు పూర్తిగా చెప్పకముందే చెప్పింది.

"కాంటా మీద ఉండేది శ్రీను గారు కదా?" అన్నాను.

"శ్రీను గారంటే..." ఆయన మాట వెతుక్కున్నారు. "ఉంటారండీ. క్రికెట్ లేని రోజుల్లో ఉంటారు. పని మాత్రం సుజాతమ్మ చూసుద్ది. బంగారం లాంటి పిల్ల."

ముత్తయ్య గారి జాబితా తీసి చూశాను. ముత్యాల్లాంటి అక్షరాల్లో సుజాత అన్న పేరు ఎక్కడా లేదు.

దారిలో: గొర్రెల టైము

కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ బస్సు. రెండు వైపులా కోతకొచ్చిన వరి. పక్కసీటు ముసలావిడ బుట్టలోంచి ఒక సీతాఫలం తీసి, అడక్కుండానే నా చేతిలో పెట్టింది. గింజలు కిటికీలోంచి ఉమ్మడం ఒక విద్య. నాది నా ప్యాంటు దాకానే వెళ్ళింది.

హుజూర్‌నగర్ దాటాక రోడ్డు నిండా గొర్రెలు. డ్రైవరు హారన్ మోగించాడు. గొర్రెలు ఆ పాట ముందే విన్నట్టున్నాయి. కండక్టర్ తల బయటపెట్టి అరిచాడు.

"ఓ కాకా, జర పక్కకు తోలరాదే! టైమైతుంది."

భుజాన గొంగడి వేసుకున్న కాపరి వెనక్కి తిరగలేదు. "టైం మీ బస్సుకు రాసుంటది బిడ్డా. గొర్లకు రాసుంటదా?"

కండక్టర్ నవ్వుతూ తల లోపలికి లాక్కున్నాడు. నేనూ నవ్వాను. టైము నా జోలికి రాదనే ధీమాతో నవ్వాను.

మిర్యాలగూడ: పన్నెండు నిమిషాలు

దేశానికి బియ్యం పంపే ఊళ్ళో సన్నన్నం దొరుకుతుందని ఆశపడ్డాను. లాడ్జి కింద హోటల్లో పెట్టింది లావన్నం, అదీ ముద్ద. "సన్నయి బయటికి పోతయి సార్," అన్నాడు వడ్డించేవాడు, తన పిల్లల్ని చదువుకు పంపినంత గర్వంగా. మా తణుకులోనూ మిల్లులున్నాయి, మేమూ అంతే.

శుక్రవారం పొద్దున తొమ్మిదికి అయిదు నిమిషాల ముందే మిల్లు గేటు దగ్గరున్నాను. ధాన్యం లారీలు రోడ్డు దాకా బారు కట్టాయి. గేటు కాపలాదారు తన రిజిస్టరులో నా పేరు రాస్తూ, "లేటయింది సార్," అన్నాడు. గేటు గది గోడ మీద పెద్ద గడియారం తొమ్మిదీ ఏడు చూపిస్తోంది. నా వాచీ పాతది. సెల్‌ఫోను లాడ్జిలో చార్జింగుకు పెట్టి మరిచిపోయి వచ్చాను. తప్పు వాచీదే అని దాన్ని పన్నెండు నిమిషాలు ముందుకు తిప్పాను. ఈ యాత్రలో నేను చేసిన పనుల్లో ఇంత శ్రద్ధగా చేసిన తప్పు ఇంకోటి లేదు.

కాంటా గదిలో కంప్యూటర్ ముందు ముప్ఫై ఏళ్ళ ఒక అమ్మాయి కూర్చుని ఉంది. తెర మీద శ్రీను పేరు. కిటికీలోంచి డ్రైవరు చెయ్యి చాపుతాడు, ఆమె చూడకుండానే చీటీ అందిస్తుంది.

"సుజాత గారా?"

ఆమె ఉలిక్కిపడింది. "నా పేరు మీకెట్ల తెలుసు సార్?"

"కోదాడలో విన్నాను."

ఆమె కథ పెద్దది కాదు. ఎవరో సెలవు పెడితే రెండు వారాలకని వచ్చింది. "రెండు వారాలకే వచ్చిన సార్. ఐదేండ్లయింది. ఎవ్వరు పొమ్మనలే, ఉండుమని గూడ అనలే." శ్రీను తన పాస్‌వర్డు చెప్పాడు. దాంతోనే అయిదేళ్ళు చీటీలు కొట్టింది. జీతం మిల్లు మేనేజర్ విడిగా ఇస్తారు. జాబితాలో పేరు అక్కర్లేకపోయింది.

శ్రీను పదీ ఇరవైకి వచ్చాడు. చెడ్డవాడైతే నాకు సులువుగా ఉండేది. నవ్వుముఖం, చేతిలో మా ఇద్దరికీ చాయ్. "అన్నా, నేను పాస్‌వర్డ్ ఇచ్చిన, ఆమె పని జేసింది. సగం సగం," అన్నాడు.

సోమవారం నుంచి సగం సగం కుదరదని చెప్పవలసినవాణ్ణి నేనే. ఎవరి పేరుతో వాళ్ళే రావాలి. ఆ పేరు వెంట సెలవులూ జీతం చీటీలూ అన్నీ ఉంటాయి కనుక ఇంకొకరికి ఇవ్వడం కుదరదు. జాబితాలో పేరు లేనివాళ్ళకు తలుపు తెరుచుకోదు.

"అంటే సోమవారం నుంచి నేను రావద్దా సార్?" అంది సుజాత.

"పటేల్ గారితో ఒక మాట చెబితే..."

"వద్దు సార్. మేనేజర్ సార్‌కు కోపమొస్తే గీ రెండు రోజులు గూడ ఉండయి." తర్వాతి లారీకి చీటీ కొట్టి ఇచ్చింది.

నేను నా పనిలో పడ్డాను. పని నా మీద పడింది అనడం న్యాయం. సూర్యాపేటలో, కోదాడలో చక్కగా తెరుచుకున్న తలుపు ఇక్కడ తెరుచుకోలేదు. శ్రీను పేరుతో కాదు, మేనేజర్ పేరుతో కాదు, నా పేరుతోనూ కాదు. వైర్లు మార్చాను. పాస్‌వర్డులు మార్చాను. ఒంటిగంట సైరన్ మోగేదాకా కూర్చున్న కుర్చీ తప్ప అన్నీ మార్చి, ఓడిపోయి, ఎదురు హోటల్‌కు వెళ్ళాను.

"అన్నం ఉడకలే సార్, జర కూర్చోండ్రి," అన్నాడు హోటలాయన.

"ఒంటిగంటయింది కదండీ."

"మిల్లు కాడికొచ్చిన్రా?" గరిటె పక్కన పెట్టి నన్ను జాలిగా చూశాడు. "మిల్లు టైంకు నా అన్నం ఉడకది సార్. గాళ్ళ గడియారం పన్నెండు నిమిషాలు ముందుంటది."

"ఎందుకు?"

"పెద్ద పటేల్ పెట్టిండు, ఇప్పటి పటేల్ నాయిన. రైలు గేటు పడ్డదని హమాలోళ్ళు రోజు లేటొస్తుండేటోళ్ళు. ఇగ గడియారం ముందుకు తిప్పిండు. ఆయన పోయిండు, గడియారం గట్లనే ఉన్నది."

"హమాలీలకు ఈ సంగతి తెలియదా?"

"తెల్వకేంది! ఊరందరికి ఎరుకే. పొద్దున పన్నెండు నిమిషాలు ముందొస్తరు, మాపటికి పన్నెండు నిమిషాలు ముందే పోతరు. ఎవ్వనికి నష్టం లేదు."

నష్టం ఒక్కడికే. నేను అన్నం ఉడికే లోపే మిల్లుకు పరుగెత్తాను.

ముత్తయ్య గారి బొట్టు పోలిక ఇక్కడ కాస్త చాలదు. మనం పొద్దున పాస్‌వర్డు కొట్టగానే సర్వర్ ఇచ్చేది బస్సు టికెట్టు లాంటిది, దాని మీద టైము ఉంటుంది. మీ కంప్యూటర్ గడియారానికీ సూర్యాపేట గడియారానికీ అయిదు నిమిషాలకు మించి తేడా ఉందంటే అది దొంగ టికెట్టని సర్వర్ అనుకుంటుంది. కారణం చెప్పదు, దింపేస్తుంది. సుజాత రోజూ పొద్దున గోడ గడియారం చూసి, కంప్యూటర్ టైమును దానితో కలుపుతోంది. పెద్దాయన పన్నెండు నిమిషాలు అలా నా సర్వర్ దాకా వచ్చాయి.

కంప్యూటర్ టైము సరిచేశాను. ఒక్క దెబ్బకు తలుపు తెరుచుకుంది. శ్రీను చప్పట్లు కొట్టాడు. ఆ సంతోషం మూడు లారీల దాకా నిలిచింది. నాలుగో లారీతో గేటు కాపలాదారు చీటీ పట్టుకుని వచ్చాడు, మేనేజర్‌ను వెంటేసుకుని.

"సూడుండ్రి సార్. నా రిజిస్టర్ల లారీ లోపటికొచ్చింది రెండు గంటలకు. చీటీల కాంటా ఎక్కింది ఒకటీ యాభైకి. గేటు దాటకముందే కాంటా ఎట్లెక్కిందో మీరే చెప్పాలె."

అతను గోడ గడియారం చూసి రాస్తాడు. మేనేజర్ నా వైపు తిరిగాడు. "పెద్ద పటేల్ పెట్టిన టైం సార్ అది. పటేల్‌ను అడగకుంట ఎవ్వరు ముట్టద్దు. ఎప్పటి లెక్కనే పెట్టుండ్రి."

పెట్టాను. తలుపు మూసుకుంది. కంప్యూటర్ టైమును సూర్యాపేటతో కలిపితే గేటు రిజిస్టరు ఒప్పుకోదు, మిల్లుతో కలిపితే సర్వర్ ఒప్పుకోదు.

పొద్దున్నుంచీ ఏమీ తినలేదని సుజాతకు ఎవరు చెప్పారో, తన డబ్బా మూతలో జొన్నరొట్టె పెట్టి ఇచ్చింది, పచ్చిపులుసుతో. రొట్టెను పచ్చిపులుసులో ముంచుకోవడం మా వైపు ఎరుగం. ఎరగాలి.

"సార్, ఒకటి అడుగుతా, నవ్వద్దు," అంది. "కంప్యూటర్ల అసలు టైమే ఉండనియ్యిండ్రి. చీటీ అచ్చయ్యేటప్పుడు మాత్రం పన్నెండు కలిపి అచ్చు గొట్టనీకి రాదా? నేను బస్సు కోసం రోజు మనసుల పన్నెండు తీసేస్త. తియ్యనీకి నాకొస్తే, కలుపనీకి దానికి రాదా?"

రొట్టె నోట్లో ఉండిపోయింది. రాకేం, చీటీ అచ్చువేసే ప్రోగ్రాంలో ఒక్క వరుస మార్చాలి. నేను కాలేజీలో నాలుగేళ్ళూ ఉద్యోగంలో ఎనిమిదేళ్ళూ ఇలాంటివి ఆలోచించడానికే జీతం తీసుకుంటున్నాను. కాలేజీలో జీతం ఇవ్వలేదనుకోండి.

సాయంత్రం లాడ్జికి వెళ్ళబోయే ముందు కంప్యూటర్‌కు అసలు టైము పెట్టి, ఆ వరుస రాశాను. ఆనక సిబ్బంది పేర్లలో సుజాత అన్న పేరు కూడా చేర్చి, తాళం వేసి ఉంచాను. పటేల్ ఒప్పుకుంటే తీసేందుకు. అలా చెయ్యమని నాకెవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పని పనులు చెయ్యకూడదని మా కంపెనీలో నియమం ఉంది. అది ఆ సమయానికి గుర్తు రాలేదు.

శనివారం

పటేల్ వచ్చేసరికి మిల్లు గడియారం పదకొండు చూపిస్తోంది. మేనేజర్ బామ్మర్దిని ఇస్త్రీ చొక్కాలో కుర్చీలో కూర్చోబెట్టాడు. సుజాత మూల బీరువా పక్కన నిలబడింది. నేను పన్నెండు నిమిషాల సంగతి విన్నవించాను. పటేల్ ముఖం మారింది.

"మా నాయిన పెట్టిన టైం అది. ఆయన పోయినంక గడియారం గూడ ఆపలే నేను. నీ కంప్యూటర్ కోసం తిప్పాల్నా?"

నాకు అలాంటప్పుడు జోకులే తోస్తాయి. అదృష్టవశాత్తూ ఏ జోకూ తోచలేదు.

"పటేలా, గోడ గడియారం ముట్టేది లేదు," అంది బీరువా పక్క నుంచి సుజాత. "పెద్దయ్య పెట్టింది గోడకు. ఆయన ఉన్ననాడు గీ డబ్బా లేదు గద. దీని టైం దీనికి ఉండనీ. చీటీ మీద పెద్దయ్య టైమే వస్తది."

పటేల్ తల తిప్పి ఆమెను చూశారు. ఇంతకు ముందు ఎన్నిసార్లు ఆ గదికి వచ్చారో, ఆమెను చూసింది అదే మొదటిసారనిపించింది.

"ఏదీ, చూపియ్యిండ్రి."

శ్రీను పాస్‌వర్డు కొట్టాడు. తలుపు తెరుచుకుంది. కాంటా మీద లారీ ఎక్కింది. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత ఏ మీట నొక్కాలో శ్రీనుకు తెలియదు. ఒకటి నొక్కాడు, సెలవు దరఖాస్తు వచ్చింది. ఇంకోటి నొక్కాడు, అది నిజంగానే సూర్యాపేటకు పోయింది. మేనేజర్ పైకప్పు వైపు చూస్తున్నాడు. బయట లారీలు హారన్లు మొదలుపెట్టాయి. కిటికీలోంచి డ్రైవరు తల పెట్టాడు.

"ఓ సుజాతక్కా! ఏడున్నవే? గీ కొత్త పిలగాణ్ణి ఎక్కడికెళ్ళి తెచ్చిన్రు? ఇట్లయితే నాకు ఈడ్నే తెల్లారుతది!"

గదిలో ఉన్న పటేల్‌ను అతను చూడలేదు. చూసి ఉంటే అనేవాడు కాదు. నేను ఆ డ్రైవరు పేరు కనుక్కోలేకపోయినందుకు ఇప్పటికీ విచారిస్తున్నాను.

పటేల్ శ్రీను భుజం మీద చెయ్యి వేశారు. "ఐదేండ్ల చీటీలు ఎవలు కొట్టిన్రు రా?"

శ్రీను బావ ముఖం చూశాడు, సుజాత ముఖం చూశాడు. లేచి కుర్చీ ఖాళీ చేశాడు. "పాస్‌వర్డ్ నాది పటేలా," అన్నాడు. "తక్కినదంతా ఆమెదే." చెప్పానుగా, చెడ్డవాడు కాదు.

"ఇంజినీర్ సార్, ఈ పిల్ల పేరు ఎక్కియ్యిండ్రి."

"ఎక్కిందండీ. తాళం తియ్యాలి, అంతే."

పటేల్ నన్ను కూడా ఒకసారి చూశారు. తాళం తీశాను.

సుజాత కూర్చుంది. కొత్త పాస్‌వర్డు పెట్టుకొమ్మని మేమంతా గోడ వైపు తిరిగాం, పటేల్‌తో సహా. తిరిగి చూస్తే తెర మీద 'తప్పు' అని ఉంది. పేరు కొట్టమన్నచోట ఆమె వేళ్ళు అలవాటు ప్రకారం శ్రీను అని కొట్టాయి. ఆమె నవ్వింది, కొంగుతో ముఖం తుడుచుకుంది, చెరిపి మళ్ళీ కొట్టింది. ఈసారి ఒక్కో అక్షరం చూసి కొట్టింది. మూడో లారీకి మళ్ళీ ఆమె చూడకుండానే చీటీలు అందించడం మొదలుపెట్టింది. చీటీ కింద సుజాత అని ఉంది. టైము మిల్లుది. గేటు కాపలాదారు తన రిజిస్టరుతో సరిచూసి తల ఊపాడు.

కొత్త కాంటా గురించి పటేల్ ఏమీ చెప్పలేదు. అడిగే చనువు నాకు లేదు. మేనేజర్ నన్ను బస్టాండు దాకా దింపించలేదు, నడిచి వెళ్ళాను. నా వాచీ ఇంకా మిల్లు టైములోనే ఉంది కనుక, పోయిందనుకున్న బస్సు నాకోసం నిలబడే ఉంది.

ఇంటికొచ్చాక

మూడూళ్ళలో ఎవరు ఎప్పుడు లోపలికొచ్చారో సర్వర్ వరుసగా రాసుకుంటుంది. కొత్త పద్ధతి సరిగా నడుస్తోందా అని కొన్నాళ్ళు హైదరాబాదు నుంచే చూడడం నా పని. కోదాడ నలుగురూ ఒకే నిమిషంలో వస్తారు, మళ్ళీ ఒకే పాస్‌వర్డు అయిందని నా అనుమానం. ముత్తయ్య గారు పొద్దున ఒకసారి చాలదని రోజుకు నాలుగైదుసార్లు బయటికి పోయి మళ్ళీ పాస్‌వర్డు కొట్టి వస్తారు. శ్రీను పది తర్వాత.

సుజాత ప్రతి పొద్దునా ఎనిమిదీ నలభై ఎనిమిదికి. ఒక్క రోజు తేడా లేదు. మిల్లు గడియారంలో అది సరిగ్గా తొమ్మిది.

నెల తిరిగాక ఒక సోమవారం ఆ పేరు పాత కాంటా దగ్గర కనబడలేదు. చాయ్ అలాగే చల్లారబెట్టుకుని కిందికి చూసుకుంటూ పోయాను. అట్టడుగున, ముందురోజు దాకా లేని ఒక కంప్యూటర్ వరుస ఉంది. కొత్త కాంటా, ఇంచార్జి సుజాత, ఎనిమిదీ నలభై ఎనిమిది.

కొత్త మిల్లులో గోడ గడియారం ఎవరు పెట్టారో, ఎలా పెట్టారో నేను ఫోను చేసి అడగలేదు.